చిన్న తరగతుల్లో పిల్లలు అసలు నేర్చుకునేదేంటి?

ఏడేళ్ల పాపను నూట ఇరవై మూడు రాయమన్నాను. ఏమాత్రం తడుముకోకుండా 100203 అని రాసి, పెన్సిల్ పక్కన పెట్టేసి, నా మొహంలోకి చూసింది. పరీక్ష పేపరైతే దాని మీద ఎర్రగీత పడేది. కానీ ఓసారి ఆ పాప చెవులతో వినండి. నూట అంటే 100. ఇరవై అంటే 20. మూడంటే 3. విన్నది విన్నట్టు, వరస తప్పకుండా, ఒక్క ముక్క వదలకుండా రాసింది. సంఖ్యను పలికినట్టే రాయాలనుకుంటే రాయాల్సింది సరిగ్గా అలాగే.

అంకె విలువ అది కూర్చున్న చోటును బట్టి మారుతుందన్నది మనుషులు చేసుకున్న ఏర్పాటు. చెట్టును చూసో, చేతివేళ్లను చూసో దాన్ని కనిపెట్టలేం. రోమన్లకు ఈ ఏర్పాటు లేదు. వాళ్ల అంకెల్లో నూట ఇరవై మూడంటే వంద గుర్తు ఒకటి, పది గుర్తులు రెండు, ఒకటి గుర్తులు మూడు పక్కపక్కన పేర్చడమే. పాప రాసింది ఆ పద్ధతికి దూరపు చుట్టంలా ఉంటుంది. సున్నాను కూడా ఒక సంఖ్యగా తీసుకుని, దాంతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో బ్రహ్మగుప్తుడు నియమాలు రాసింది క్రీ.శ. 628లో. పెద్దపెద్ద పండితులకు వందల ఏళ్లు పట్టిన మెట్టు అది. దాన్ని రెండో క్లాసు పిల్ల ఒకట్రెండు టర్ముల్లో ఎక్కేయాలి.

"ఒకటి, రెండు క్లాసుల్లో ఏముంటుందిలెండి, అక్షరాలు, అంకెలు, నాలుగు బొమ్మలు" అనేస్తుంటాం. పుస్తకాలు చూస్తే అలాగే ఉంటాయి. పలుచగా, పేజీకి మూడు లైన్లు, మిగతాదంతా రంగులు. అయితే ఆ పుస్తకాల్లో అచ్చయింది తక్కువ, వాటిని చదివే పిల్ల ఆలోచనలో మారాల్సింది ఎక్కువ. ఆ మార్పు మనకు కనిపించదు. మనకది ఎంతగా అలవాటైపోయిందంటే, ఒకప్పుడు నేర్చుకున్నామన్న సంగతే గుర్తులేదు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఏ దేశంలోనైనా దాదాపు ఇవే సబ్జెక్టులు: లెక్కలు, భాష, సైన్సు, సోషల్, పాటలు, ఆటలు, బొమ్మలు. కొన్నిచోట్ల సైన్సు, సోషల్ కలిపి ఒకే పుస్తకంగా ఇస్తారు, కొన్నిచోట్ల విడదీస్తారు. లోపల జరిగే పని మాత్రం ఒకటే.

లెక్కలు: పది ఒకటా, పదా?

లెక్కపెట్టడం దగ్గరే మొదలుపెడదాం. ఐదు గుండీలు ముందు పెట్టి ఎన్నున్నాయో చూడమంటే నాలుగేళ్ల బాబు వేలు పెట్టి "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అంటాడు. "అయితే ఎన్ని?" అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. వాడికి లెక్కపెట్టడం ఒక పాట. ఆ పాటలో చివర పలికిన మాటే మొత్తం సంఖ్య అని ఇంకా తెలీదు. 1978లో రోషెల్ గెల్మన్, ర్యాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కపెట్టడంలో ఐదు సూత్రాలు దాగున్నాయని చూపించారు. ఒక వస్తువుకి ఒకే మాట. మాటల వరస మారకూడదు. చివరి మాటే మొత్తం. ఏ రకం వస్తువులనైనా లెక్కించొచ్చు. ఎక్కడ మొదలుపెట్టినా లెక్క మారదు. మనకి ఇవి సూత్రాల్లాగే అనిపించవు. అదే నేను చెప్పేది.

బడికొచ్చేసరికి చాలామందికి ఇది వచ్చేస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు: పది. ఇప్పటిదాకా పది అంటే పది గుండీలు. ఇప్పుడు టీచరు ఆ పదింటినీ ఒక కట్ట కట్టి "ఇది ఒక పది" అంటుంది. ఒకేసారి అది పదీ, ఒకటీ కూడా. 34లో 3 అంటే ఎంత అని అడిగితే మూడు పుల్లలు తీసి చూపించే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లకు 34 చదవడం వచ్చు, రాయడం వచ్చు, 33 తర్వాత వస్తుందనీ తెలుసు. 3 వెనక మూడు కట్టలున్నాయన్నది మాత్రం ఇంకా అందలేదు. ఆ లోటు 42లోంచి 17 తీసేయమన్నప్పుడు బయటపడుతుంది. జవాబు 35 అని వస్తుంది. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు, 4లోంచి 1 తీసేశాడు. వాడి వరకూ అవి ఒకదానితో ఒకటికి సంబంధం లేని రెండు చిన్న లెక్కలు. "అప్పు తెచ్చుకో" అని నేర్పితే జవాబు సరిగ్గానే రావొచ్చు, కానీ ఎవరి దగ్గర ఏం అప్పు తెచ్చాడో వాడికి తెలియకపోవచ్చు. ఒక కట్ట విప్పితే పది పుల్లలవుతాయని చేత్తో విప్పి చూసినవాడికి ఆ అప్పు అన్న మాటతోనే పని లేదు.

ఇందులో భాష చేసే మేలూ కీడూ కూడా ఉంది. చైనీస్‌లో పదకొండుని "పది ఒకటి" అనీ, ఇరవై మూడుని "రెండు పది మూడు" అనీ అంటారు. కట్టలు పేర్లోనే కనిపిస్తాయి. మన ఇరవై మూడు, ముప్పై నాలుగు ఫర్వాలేదు, ముందు పదులు, తర్వాత ఒకట్లు. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది దగ్గర మాత్రం పది మొహం చాటేస్తుంది. జర్మన్ పిల్లల కష్టం ఇంకో రకం. వాళ్లు 23ని "మూడూ ఇరవై" అంటారు. విన్న వరసలో రాసి 32 చేసేయడం అక్కడి చిన్న క్లాసుల్లో మామూలే.

బరాబరి గుర్తు (=) సంగతి ఇంకా విచిత్రం. 8 + 4 అని రాసి, బరాబరి గుర్తు పెట్టి, ఆ తర్వాత ఒక ఖాళీ గడి, దాని పక్కన + 5 రాసి ఇవ్వండి. ఖాళీలో 7 రావాలి. పిల్లలు 12 రాస్తారు. వాళ్ల దృష్టిలో ఆ గుర్తుకి "రెండు వైపులా సమానం" అన్న అర్థం లేదు, "ఇప్పుడు జవాబు రాయి" అన్నదే అర్థం. కాలిక్యులేటర్ మీట లాంటిదన్నమాట. ఇది చిన్నపిల్లల పొరపాటు, పెద్దయ్యాక అదే పోతుందని అనుకుంటే, 1999లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం చూడాలి. ఆరో తరగతి పిల్లలు 145 మందికి ఇదే లెక్క ఇచ్చారు. ఒక్కరు కూడా 7 అనలేదు. ఎక్కువమంది 12 అన్నారు, కొందరు అన్నీ కలిపేసి 17 అన్నారు. ఐదేళ్ల పాటు ప్రతి పేజీలో లెక్క ఎడమవైపు, జవాబు కుడివైపు చూస్తే ఎవరికైనా అదే అర్థం స్థిరపడుతుంది. ఆ గుర్తును 1557లో మొదటిసారి వాడిన రాబర్ట్ రికార్డ్, సమాంతరంగా ఉన్న రెండు గీతల కంటే సమానమైనవి ఇంకేం ఉంటాయని వాటిని ఎంచుకున్నాడట. ఒకటో క్లాసులోనే 7ని ఎడమవైపు, 3 + 4ని కుడివైపు రాసి చూపించే టీచరు, తర్వాతెప్పుడో వచ్చే బీజగణితానికి అప్పుడే పునాది వేస్తున్నట్టు.

కొలతల్లోనూ ఇంతే. స్కేలు మీద పెన్సిల్‌ని 2 దగ్గర మొదలయ్యేలా, 7 దగ్గర ముగిసేలా పెట్టి పొడవెంత అని అడగండి. కొందరు 7 అంటారు, చివర కనిపించిన అంకె అదే కాబట్టి. ఇంకొందరు 2, 3, 4, 5, 6, 7 అని గీతల్ని లెక్కపెట్టి 6 అంటారు. రెండూ తప్పే, కానీ ఒకే తప్పు కాదు. మొదటివాడికి స్కేలు చదవడం ఒక ఆచారం. రెండోవాడు లెక్కపెట్టాలని గ్రహించాడు, లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, గీతల మధ్య ఖాళీల్ని అన్నది మిగిలింది. ఇద్దరికీ ఒకే ఇంటూ మార్కు పెడితే ఈ తేడా మాయమైపోతుంది.

భిన్నాల గురించి ఒక్క మాట. "నాకు పెద్ద సగం కావాలి" అనే పిల్లలకు పంచుకోవడం తెలుసు, సగం అంటే ఏంటో తెలీదు. నాలుగో వంతు కంటే సగం పెద్దదంటే కూడా ఒప్పుకోరు. రెండు కంటే నాలుగు పెద్దదని వాళ్లకు నేర్పింది మనమే కదా.

లెక్కల పీరియడ్‌లో దాక్కున్న భాష

"రవి దగ్గర 8 గోళీలున్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటి కంటే 3 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" రెండో క్లాసులో సగంమంది 11 అంటారు. "ఎక్కువ" అన్న మాట కనిపించగానే కలిపేయాలని ఎవరో ఒకరు చిట్కా చెప్పి ఉంటారు. ఇది లెక్క రాకపోవడం కాదు. "కంటే" అన్న చిన్న మాట ఎవరిని ఎవరితో పోలుస్తోందో పట్టుకోలేకపోవడం. ఈ చిట్కాల మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. మొదటి ఇరవై లెక్కలకు పనిచేస్తాయి, ఇరవై ఒకటో దానికి పిల్లని బోల్తా కొట్టిస్తాయి, ఈలోగా చదివి అర్థం చేసుకునే అలవాటును తినేస్తాయి.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పరిశోధకులు 1970ల చివర్లో చిన్న క్లాసుల పిల్లలకు ఓ ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఉన్న అంకెలతో ఏదో ఒకటి చేసి జవాబు రాసేశారు. వినగానే నవ్వొస్తుంది. కానీ ఆ పిల్లల పక్షాన ఒక్క క్షణం నిలబడండి. టీచరు ఇచ్చిన ప్రతి లెక్కకూ ఇప్పటిదాకా జవాబు ఉంది. అందులో ఇచ్చిన అంకెలన్నీ వాడాల్సిందే అయింది. జవాబు లేదని రాసినవాడికి ఎప్పుడూ మార్కు రాలేదు. బడి అనేది కూడా ఒక సబ్జెక్టు. దాన్ని వాళ్లు బాగా నేర్చుకున్నారు.

దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. స్విస్ శాస్త్రవేత్త జాన్ పియాజే చేసిన పాత ప్రయోగంలో రెండు వరసల్లో సమానంగా వస్తువులు పెట్టి, రెండూ సమానమేనా అని అడుగుతారు. పిల్ల అవునంటుంది. తర్వాత ఒక వరసను ఎడంగా జరిపి మళ్లీ అడుగుతారు. ఐదారేళ్ల పిల్లలు చాలామంది పొడవైన వరసలో ఎక్కువున్నాయంటారు. సంఖ్య అన్న భావన ఇంకా కుదురుకోలేదని పియాజే తేల్చాడు. 1970ల్లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అదే ప్రయోగంలో చిన్న మార్పు చేశారు. వరసను పెద్దవాళ్లు జరపలేదు, అల్లరి టెడ్డీ బొమ్మ ఒకటి వచ్చి చెల్లాచెదురు చేసినట్టు ఆడించారు. సరైన జవాబు చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్దమనిషి కావాలని జరిపి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, ఏదో మారిందని చెప్పమంటున్నాడు కాబోలు అనుకోవడం సహజమే. మన ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే మన మనసులో ఏముందో కనిపెట్టడం మీదే పిల్లల ధ్యాస ఎక్కువ.

చదవడం వేరు, గడగడా చదవడం వేరు

కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే. తలకిందులు చేసినా, అద్దంలో చూసినా దాని పేరు మారదు. పుట్టినప్పటి నుంచి కళ్లు నేర్చుకున్న పాఠం ఇది. అక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠాన్ని మర్చిపోవాలి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో బి (b) ని అద్దంలో చూస్తే డి (d) అవుతుంది. ఆరేళ్ల పిల్లలు అక్షరాన్ని తిరగేసి రాస్తే కంగారు పడే తల్లిదండ్రులు ఎక్కువ. చాలాసార్లు అక్కడ జబ్బేమీ ఉండదు, పాత అలవాటు ఇంకా వదల్లేదంతే. మన లిపిలో ఇబ్బంది వేరే రకం. మ కీ య కీ మధ్య ఒక చిన్న మెలిక, ద కీ ధ కీ మధ్య కింద ఒక చిన్న గీత. బొమ్మలో అంత చిన్న గీతను పట్టించుకోనక్కర్లేదు. అక్షరంలో అదే ప్రాణం.

పైగా తెలుగులో రాసే వరసా, పలికే వరసా ఎప్పుడూ కలిసి నడవవు. "క్ర"లో ర శబ్దం క తర్వాత వినిపిస్తుంది, రాసేటప్పుడు ఆ ఒత్తు కింద ఎడమవైపుకి తిరుగుతుంది. గుడి పైకెక్కుతుంది, ఒత్తు కిందికి దిగుతుంది, ఐత్వం పైనా కిందా రెండు చోట్లా ఉంటుంది. పాప "అమ్మ" రాయబోయి "అమ" రాసిందంటే బద్ధకం అనుకోకండి. ఒకే శబ్దాన్ని నొక్కి పలికితే కాగితం మీద అది ఇంకో అంతస్తుకు దిగుతుందన్న సంగతి ఇంకా ఒంటబట్టలేదు.

అయితే మన లిపికి ఒక గొప్ప సుగుణం ఉంది. గుణింతాలు, ఒత్తులు వచ్చాక ఏది రాసి ఉన్నా చదివేయొచ్చు. ఇంగ్లిష్‌లో అలా కాదు. 13 యూరప్ భాషల పిల్లలు బడిలో ఏడాది పూర్తయ్యేసరికి ఎలా చదువుతున్నారో 2003లో అచ్చయిన ఒక అధ్యయనం పోల్చి చూసింది. ఫిన్నిష్ పిల్లలు తెలిసిన మాటల్లో 98 శాతం సరిగ్గా చదివారు. ఇంగ్లిష్ నేర్చుకునే స్కాట్లండ్ పిల్లలు 34 శాతం. తెలివిలో తేడా ఏమీ లేదు, స్పెల్లింగ్‌లోనే తేడా. తెలుగూ ఇంగ్లిషూ ఒకేసారి నేర్చుకునే పిల్ల నిజానికి రెండు వేర్వేరు పనులు చేస్తోంది. ఒకదాంట్లో పనికొచ్చే నమ్మకం, అంటే రాసినట్టే పలుకు అన్నది, రెండోదాంట్లో అడుగడుగునా దెబ్బతింటుంది.

ఆ సుగుణం వెనకే ఒక మోసం కూడా ఉంది. రాసింది రాసినట్టు పలికేయగలిగే లిపిలో, అర్థం బొత్తిగా తెలియకపోయినా గడగడా చదివేయొచ్చు. ఇంట్లోవాళ్లు "మావాడు పేపర్ కూడా చదివేస్తాడు" అని మురిసిపోతారు. చదివింది ఏంటో చెప్పమంటే వాడు మళ్లీ అదే వాక్యం చదివి వినిపిస్తాడు. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలను మాటలుగా మార్చే నేర్పు ఒకటి, మాటలను అర్థం చేసుకునే నేర్పు ఒకటి. రెండింటినీ గుణించాలి, కలపకూడదు. అంటే రెండింట్లో ఏది సున్నా అయినా చదవడం సున్నాయే.

అర్థం చేసుకునే నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడే టైమ్‌టేబుల్లో గీసిన గీతలు చెరిగిపోతాయి. డోనా రెక్ట్, లారెన్ లెస్లీ 1988లో చేసిన అధ్యయనంలో ఉన్నది కాస్త పెద్ద పిల్లలే, ఏడు ఎనిమిది తరగతుల వాళ్లు, 64 మంది. బేస్‌బాల్ ఆట గురించి ఒక కథనం ఇచ్చి, చదివింది బల్ల మీది నమూనా మైదానంలో కొయ్య బొమ్మలను జరిపి చూపించమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివే కానీ ఆట తెలియని పిల్లల కంటే బాగా చూపించారు. ఇది చదివాక, చదవడం రావట్లేదని సైన్సు పీరియడ్ తగ్గించి ఇంకో గంట రీడింగ్ పెట్టే బడుల గురించి నా అభిప్రాయం మారిపోయింది. విత్తనం, నది, నీడ, రాజు, అయస్కాంతం, ఓడ. ఇవేమీ తెలియని పిల్లకు మూడో క్లాసు పాఠంలో అక్షరాలన్నీ వస్తాయి, అర్థం మాత్రం రాదు.

రాయడం గురించి ఎక్కువ చెప్పను. ఆరేళ్ల చేతికి అది మొదట కండరాల పని. అక్షరం ఎలా తిప్పాలా అన్న దాని మీదే ధ్యాసంతా పోతే, ఏం చెప్పాలనుకున్నాడో మధ్యలో జారిపోతుంది. నోటితో పది వాక్యాల కథ చెప్పిన పిల్లాడు కాగితం మీద ఒక్క లైను రాసి ఆపేయడానికి కారణం అదే. దస్తూరీ మార్కుల కోసం కాదు, ఆలోచనకు దారి ఖాళీ చేయడం కోసం.

భూమి గుండ్రంగా ఉంది, మరి మనం ఎక్కడున్నాం?

భూమి ఆకారం ఏంటని అడిగితే ఏ ఒకటో క్లాసు పిల్లయినా "గుండ్రం" అంటుంది. మార్కు వేసేయొచ్చు. 1992లో స్టెల్లా వోస్నియాడూ, విలియం బ్రూవర్ మార్కు వేసి ఊరుకోలేదు. ఒకటి, మూడు, ఐదు తరగతుల్లోని 60 మంది పిల్లలను ఇంకొన్ని ప్రశ్నలడిగారు. నువ్వు రోజుల తరబడి తిన్నగా నడుస్తూ పోతే ఎక్కడ తేలతావు? భూమికి అంచు ఉందా? అక్కడి నుంచి కింద పడతామా?

వచ్చిన జవాబుల్లో పిల్లలు కట్టుకున్న లోకాలు బయటపడ్డాయి. కొందరి భూమి గుండ్రమే, కానీ పళ్లెంలా. కొందరికి భూములు రెండు. మనం నిలబడ్డ చదునైన నేల ఒకటి, ఆకాశంలో ఎక్కడో ఉన్న గుండ్రటి "భూమి" ఇంకొకటి. ఇంకొందరికి భూమి బోలు బంతి, దాని లోపల చదునైన నేల మీద మనుషులు ఉంటారు, పైన ఆకాశం మూతలా. టీచరు చెప్పిన "గుండ్రం" అన్న మాటా, తమ కళ్లకు కనిపించే చదునైన నేలా రెండూ అబద్ధం కాకూడదు. అందుకని రెండింటికీ పొత్తు కుదిర్చారు. నాకు ఇది తప్పులా అనిపించదు. దొరికిన ఆధారాలతో సిద్ధాంతం కట్టడమే శాస్త్రవేత్తలు చేసేదీ. ఇక్కడ సైన్సు పాఠం పని కొత్త సంగతి చేర్చడంతో అయిపోదు, ముందే ఉన్న ఇంటిని విప్పి మళ్లీ కట్టాలి. గుండ్రటి బంతి మీద మనుషులు కింద పడకుండా ఎలా ఉంటారన్న ప్రశ్న తేలేదాకా, "గుండ్రం" అన్నది కంఠతా వచ్చిన మాట మాత్రమే.

జీవులు, నిర్జీవులు పాఠంలోనూ ఇంతే. కదిలేదానికే ప్రాణం ఉందనుకునే పిల్లకు సూర్యుడు, మబ్బు ప్రాణమున్నవి, మొక్క ప్రాణం లేనిది. పట్టిక బట్టీ పడితే పరీక్ష గడుస్తుంది. రెండు కుండీల్లో ఒకే రకం విత్తనాలు వేసి, ఒకదాన్ని వెలుగులో, ఒకదాన్ని అల్మారాలో పెట్టి, వారం రోజులు చూసి, గీసి, కొలిస్తే మొక్క పెరుగుతుందని, దానికి ఏదో కావాలని తెలుస్తుంది. అక్కడ ఇంకోటి కూడా జరుగుతుంది. "దీనికి నీళ్లు కూడా తక్కువ పోశావు, అందుకే ఇలా అయింది" అని ఎవరో ఒక పిల్ల గొడవకు దిగుతుంది. ఒకటే మార్చాలి, మిగతావన్నీ సమానంగా ఉంచాలన్న ప్రయోగ సూత్రం అలాంటి గొడవలోనే పుడుతుంది.

అమ్మమ్మ చిన్నప్పుడు డైనోసార్లు ఉండేవా?

సోషల్ పాఠాలు చాలా దేశాల్లో ఒకే దారిలో నడుస్తాయి. మొదట నేను, తర్వాత కుటుంబం, తర్వాత బడి, చుట్టుపక్కలు, ఊరు, ఆ తర్వాతే దేశం. దగ్గర నుంచి దూరానికి వెళ్లడం సబబుగానే కనిపిస్తుంది. నాకు మాత్రం దీని మీద సగం నమ్మకమే. ఏడేళ్ల పిల్లలకు పోస్ట్‌మాన్ గురించి చెప్పి చూడండి, తర్వాత డైనోసార్ గురించి చెప్పి చూడండి. కళ్లు ఎప్పుడు పెద్దవయ్యాయో మీకే తెలుస్తుంది.

వాళ్లకు కష్టమయ్యేది దూరం కాదు, ఎంత దూరమన్నది. "అనగనగా" అన్న ఒకే సంచిలో అమ్మమ్మ బాల్యం, రాజులు, డైనోసార్లు అన్నీ పడి ఉంటాయి. అందుకే అమ్మమ్మ చిన్నప్పుడు డైనోసార్లు ఉండేవా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో ఒకసారైనా వస్తుంది. దీనికి లెక్కల పీరియడ్‌లో వాడిన స్కేలే మందు. ఏడాదికి ఒక సెంటీమీటరు అనుకుని కాగితం ముక్క కత్తిరిస్తే పాప వయసు ఏడు సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. అరవై ఐదేళ్ల అమ్మమ్మది అరవై ఐదు సెంటీమీటర్లు, చేయి చాపితే చాలదు. డైనోసార్లు అంతరించి దాదాపు 6.6 కోట్ల ఏళ్లయింది. ఆ కాగితం 660 కిలోమీటర్లు ఉండాలి. 6.6 కోట్లు అన్న అంకె ఏడేళ్ల పిల్లకు అర్థం కాదు, ఎనిమిదేళ్ల పిల్లకూ కాదు. కాగితం గది దాటి, వీధి దాటి, రాత్రంతా రైల్లో వెళ్లినంత దూరం పోతుందంటే మాత్రం నోరు తెరుచుకుంటుంది.

డ్రాయింగ్ అనే చిన్నచూపు సబ్జెక్టు

పాటలు, ఆటలు, బొమ్మలు పీరియడ్లు మిగిలాయి. టైమ్‌టేబుల్లో ఏదైనా కోత పెట్టాలంటే ముందు వీటికే పడుతుంది. చప్పట్లు కొడుతూ పాట పాడే పిల్ల మాటను అక్షరాలుగా విడగొట్టడం సాధన చేస్తోంది, అదే రేపు చదవడానికి కావాలి. "ఆగు అంటేనే ఆగాలి" అన్న రకం ఆటల్లో తనను తాను పట్టి ఉంచుకోవడం నేర్చుకుంటుంది, అది అన్ని సబ్జెక్టులకూ కావాలి. వీటిని ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే బొమ్మల గురించి చెప్పాలి.

ఐదారేళ్ల పిల్లలు చూసింది గీయరు, తెలిసింది గీస్తారు. ఇంటి బొమ్మ వేసి, గోడ అడ్డున్నా లోపలున్న మంచం, దీపం కనిపించేలా గీస్తారు. బల్లకు నాలుగు కాళ్లుంటాయి కాబట్టి నాలుగూ గీస్తారు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు చాచుకుని. ఫ్రెంచ్ పరిశోధకుడు జార్జ్ హెన్రీ లూకే ఈ సంగతి వందేళ్ల కిందటే వివరించాడు. పెద్దవాళ్లు దాన్ని చూసి "అలా ఎక్కడైనా కనిపిస్తుందా?" అని దిద్దేస్తారు. నిజానికి అక్కడ పిల్ల నిలబడ్డ చోటు ఒకటి కాదు, నాలుగైదు. ఒకే చోట నిలబడితే ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది తర్వాత నేర్చుకోవాల్సిన సంగతి. విచిత్రం ఏంటంటే, సోషల్‌లో మ్యాప్ చదవడానికి కావాల్సిందీ సరిగ్గా అదే.

ఆ 100203 పాపనే తర్వాత ఓసారి తన క్లాస్‌రూమ్ మ్యాప్ గీయమన్నాను. గది నాలుగు గీతలు బాగానే వచ్చాయి. బెంచీలు పైనుంచి చూసినట్టు పెట్టెల్లా గీసింది. వాటి మధ్య టీచరు మాత్రం కాళ్లు, చేతులు, జడ, బొట్టుతో సహా నిలువునా ఉంది, నేల మీద వెల్లకిలా పడుకున్నట్టు. నేనేం దిద్దలేదు. మేడ మీద వరండాలోకి తీసుకెళ్లి కింద నడిచేవాళ్లను చూపించాను. కాసేపు వంగి చూసింది. లోపలికొచ్చి టీచరు బొమ్మను రబ్బరుతో చెరిపేసి, ఆ చోట ఒక నల్లటి సున్నా గీసి, దానికి తోకలాగా జడ తగిలించింది. "పైనుంచి చూస్తే మేడమ్‌కి మొహం ఉండదు" అంది.